సప్పుడు పెంచుడా, పాఠం మల్ల చెప్పుడా?

మూఢం నడుస్తోంది, పెండ్లిళ్లు లేవు. ఆత్మకూర్ (ఎస్) లోని ఒక టెంట్‌హౌస్‌లో జంపఖానాలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి, మైక్‌సెట్ డబ్బాల మీద దుమ్ము పడుతోంది. యజమాని ఖాళీగా దొరికే రోజులు ఏడాదిలో ఇవే కాబట్టి ఆయన బావ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. బావ సర్కారు బడిలో లెక్కల సారు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది పదో తరగతి త్రికోణమితి పాఠం. పిల్లల ముందు చెబుతుండగా ఫోన్‌తో తీసింది. బొమ్మ బాగుంది, బోర్డు మీద అక్షరం అక్షరం కనబడుతోంది. మాట మాత్రం వినబడటం లేదు.

పెండ్లి బరాత్‌లో ఊరి చివరి ఇంటి కిటికీలు కూడా అదిరేలా వాయించే మనిషి ఆ రోజు సప్పుడు పెంచనన్నాడు. వాదన అక్కడ మొదలైంది.

బావ: పెద్ద పనేం లేదు. సప్పుడు జర పెంచియ్యి. పిల్లలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని వింటున్నరు.

బామ్మర్ది: పెంచుడు ఎంతసేపు బావా. పెంచినంక నువ్వే మల్ల వస్తవ్, ఫ్యాను తప్ప ఇంకేం వినపడ్తలేదని. నా మాట విని పాఠం మల్ల రికార్డు చెయ్యి.

బావ: చెయ్యను. అది తరగతిల చెప్పిన పాఠం. ఎనుక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, సారూ, కోణం నలబై ఐదయితే చెట్టెంత పొడుగో నీడ గూడ గంతే పొడుగు ఉంటదా అని అడిగింది. టాన్ విలువ నేనింకా బోర్డు మీద రాయలే. కెమెరా ముందు ఒక్కన్నే నిలబడి చెప్తే ఆ ప్రశ్న ఎవరడుగుతరు?

బామ్మర్ది: కరోనా ఏడు 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌ల, దూరదర్శన్ యాదగిరిల పాఠాలు చెప్పిండ్రు గదా. ఆడ ఏ పిల్ల అడిగింది? స్టూడియోల సారు, బోర్డు, గంతే. ఒక్క మాట గూడ పోలే.

బావ: మాట పోలే, పిల్లలు పోయిండ్రు. ఆ రోజులల్ల మేం ఊర్లె ఇంటింటికి తిరిగినం, పిల్లలు టీవీ ముందు కూసున్నరా లేరా అని. టీవీల సారు అర్థమయిందా అంటడు, జవాబు కోసం ఆగడు. పిల్లలు తల ఊపుతరు. వాళ్లు ఎవరికి ఊపినట్టు?

బామ్మర్ది: తల ఊపాల్నన్నా ముందు వినపడాలె గదా.

బావ: అందుకే గదా నీ దగ్గరికి వచ్చింది.

ఫైలు తెరిచారు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, 2000 సంవత్సరం నుంచీ ఉన్నదే. ఫోన్ వీడియోను నేరుగా తెరవాలంటే దానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనేది తోడు కావాలి. తెర మీద బావ గొంతు సన్నటి గీతలా పడింది, మధ్యలో ఒకచోట మాత్రం పైకి కిందికి నిలువుగా ఒక ముల్లు లేచింది.

బావ: ఇదే నేను ఇంటికాడ చేసిన. నార్మలైజ్ అని ఉంటది గదా, అది నొక్కిన. ఏం పెరగలే. సాఫ్ట్‌వేర్ పనికిరాదనుకున్న.

బామ్మర్ది: సాఫ్ట్‌వేర్ బాగనే ఉంది. ఈ ముల్లు ఏందో చూసినవా? ఇను. (వినిపించాడు. ఠప్.) డస్టర్. బోర్డు తుడిచి టేబుల్ మీద కొట్టినవ్. కంప్యూటర్ల సున్నా అంటే అన్నిటికన్న పెద్ద సప్పుడు, దాని మీదికి పోతే పగులుతది. నీ డస్టర్ మైనస్ నాలుగు దాక పోయింది. నార్మలైజ్ అనేటిది ఫైలు మొత్తంల పెద్ద సప్పుడు ఏదుందో అదొక్కటే చూస్తది. దాన్ని మైనస్ ఒకటి దాక జరిపి నా పని అయిపోయిందంటది. పెరిగింది మూడు డెసిబెల్. నీ గొంతు మైనస్ ముప్పై కాడ ఉండె, అది నొక్కితే మైనస్ ఇరవై ఏడు. చెవికి ఏం తెలుస్తది?

బావ: అంటే ఒక్క డస్టర్ దెబ్బ క్లాసు మొత్తాన్ని ఆపిందన్నట్టు.

బామ్మర్ది: ఆ ఒక్కచోట పట్టుకొని తగ్గిస్తే మిగిలిందంత పైకి వస్తది. ఇగో.

బావ: మరి అయిపాయె! ఇంక ఇరవై నాలుగు పెంచు. ఆరు డెసిబెల్‌కు రెండింతలు, ఇరవై నాలుగంటే పదహారింతలు. మైనస్ ముప్పై పోయి మైనస్ ఆరయితది. లాగరిథమ్ నాకు నువ్వు నేర్పాల్నా?

బామ్మర్ది: నేర్ప గానీ, లెక్క సగమే చెప్పినవ్. నువ్వు మాట్లాడకుండ ఆగిన జాగ చూడు. ఆడ మైనస్ నలబై ఐదు కాడ ఏందో ఉంది గదా, అది ఫ్యాను. గొంతును ఇరవై నాలుగు లేపితే ఫ్యాను గూడ ఇరవై నాలుగు లేస్తది. మొదట రెండిటికి నడుమ పదిహేను ఉండె, పెంచినంక గూడ పదిహేనే. పిల్లగాడికి కావాల్సింది నడుమ ఉన్న ఆ పదిహేను పెరుగుడు. అది ఏ బటన్ నొక్కినా పెరగదు.

బావ: నాయిస్ రిడక్షన్ అని ఉంది గదా. ఫ్యాను ఒక్కటే ఉన్న ముక్క చూపెట్టి, ఇది తీసెయ్యి అంటే తీసేస్తదట.

బామ్మర్ది: తీసేస్తది. తీసి చూపిస్త, నువ్వే ఇను.

విన్నారు. మొదటిసారి గట్టిగా వేశాడు. ఫ్యాను నిజంగానే మాయమైంది, దాంతోపాటు మాటలో సగం పోయింది. బావ గొంతు కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టు వచ్చింది. సారు దాన్ని పట్టించుకోలేదు. ఆయన చెవి వేరే దాని మీద ఉంది.

బావ: ఆపు, ఆపు. నేను సైన్ తీటా అన్న. ఇండ్ల ఐన్ తీటా అని వస్తుంది.

బామ్మర్ది: వస్తది. స అనే సప్పుడు, ఫ్యాను గాలి సప్పుడు కంప్యూటర్‌కు ఒకే తీరు కనపడ్తయి, రెండూ సుస్సుమనేటియే. ఫ్యానును ఊడ్చెయ్యమంటే స ను గూడ ఊడ్చేస్తది.

బావ: త్రికోణమితిల స లేకపోతే ఏం మిగులుతది! సైన్, కాస్, సెక్, కొసెక్. ఒక్క టాన్, కాట్ బతుకుతయి.

బామ్మర్ది: అందుకే మల్ల చెప్పమంటున్న.

బావ: అందుకే తక్కువ వెయ్యి అంటున్న. ఫ్యాను పూర్తిగ పోవాల్నని నేనడగలే. సగం తగ్గనీ. బడిల ఫ్యాను ఉంటదని పిల్లలకు ఎరుకే.

ఈ మాట దగ్గర నేను బావ వైపు. సప్పుడు శుభ్రం చేసేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే చెడగొడతారు. పూర్తి నిశ్శబ్దం రావాలని పట్టుబట్టి మాటను బలి ఇస్తారు. ఆరు నుంచి పన్నెండు డెసిబెళ్ల దాకా తగ్గించి ఆగితే ఫ్యాను ఉందని తెలుస్తుంది, అడ్డం మాత్రం రాదు. అంతకన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ఎనబై, వంద హెర్ట్‌జ్‌ల కింద ఉన్నదంతా కోసేయడం. మన కరెంటు యాబై హెర్ట్‌జ్‌ది, దాని హుమ్మనే మోత, బెంచీ జరిపిన గుర్రు, ఫ్యాను రాడ్డు ఊగులాట చాలావరకు ఆ కిందే ఉంటాయి. చవక ఫోను స్పీకర్ వాటిని ఎలాగూ పలకలేదు, ఊరికే జాగా తింటాయి. మాట స్పష్టత పై భాగంలో, రెండు నుంచి నాలుగు వేల హెర్ట్‌జ్‌ల చుట్టూ ఉంటుంది, మన చెవి కూడా అక్కడే చురుకు. ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి మొత్తం సప్పుడు పెంచే బదులు ఆ ఒక్క భాగాన్ని రెండు మూడు డెసిబెళ్లు లేపినా వినేవాడికి పెరిగినట్టే ఉంటుంది.

బామ్మర్ది కూడా అదే చేశాడు. చేస్తూనే ఉన్నాడు, వాదన మాత్రం వదల్లేదు.

బామ్మర్ది: అసలు రోగం కంప్యూటర్ల లేదు బావా, దూరంల ఉంది. ఫోన్ ఏడ పెట్టినవ్?

బావ: బోర్డు మొత్తం రావాలె గదా. మూడో బెంచీ మీద. పన్నెండు అడుగులుంటది.

బామ్మర్ది: మైకు నీ మూతికి జానెడు దూరంల ఉండాలె. జానెడంటే తొమ్మిది అంగుళాలు. పన్నెండు అడుగుల్ల ఎన్ని జానలు?

బావ: పదహారు. అరే!

బామ్మర్ది: ఇప్పుడు చెప్పు లాగరిథమ్.

బావ: దూరం రెండింతలైతే ఆరు తగ్గుతది. పదహారింతలంటే ఇరవై నాలుగు. నువ్వు కంప్యూటర్ల పెంచేదీ, ఆడ పోయిందీ ఒకటే లెక్క.

బామ్మర్ది: ఒకటే లెక్క, ఒకటే ఫలం కాదు. కంప్యూటర్ల పెంచితే ఫ్యాను గూడ పెరుగుతది. మైకును నీ మెడ కాడికి జరిపితే ఫ్యాను ఉన్నకాడనే ఉంటది, నీ గొంతు ఒక్కటే పెరుగుతది.

బావ: ఆగు. నీ లెక్క మైదానంల చెల్లుతది, గదిల చెల్లదు. గది గోడలు మాటను తిప్పి కొడ్తయి. జర దూరం పోయినంక నేరుగ వచ్చే మాట కన్న గోడకు తగిలి వచ్చే మాటే ఎక్కువుంటది. ఆడికెల్లి ఎంత దూరం పోయినా సప్పుడు పెద్దగ తగ్గదు. అంటే పన్నెండు అడుగుల కాడ పోయింది ఇరవై నాలుగు కాదు, ఇంకా తక్కువ.

బామ్మర్ది: సరే, తక్కువే అనుకుందాం. మిగిలిందేంది మరి? గోడ మాట. నువ్వు తీటా అంటే గది తీటా-టా-టా అంటది. ఫ్యానునన్న ఊడ్వొచ్చు, నీ మాటే నీ మాట మీద పడితే దాన్ని ఎట్ల ఊడుస్తవ్?

ఇది మంచి దెబ్బ. సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన ఎత్తుకున్న కథ మాత్రం టెంట్‌హౌస్ యజమానికి తెలియనిది.

బావ: గోడ మాటకు మందు 1895ల మొదలైంది, తెల్సా? అమెరికాల హార్వర్డ్ యూనివర్సిటీ కొత్తగ ఒక లెక్చర్ హాలు కట్టింది. సారు మాట్లాడితే పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాకపోయె. మాట అయిదు సెకన్లకు పైన గదిలనే తిరుగుతుండె. శాబిన్ అని ఒక చిన్న వయసు ఫిజిక్స్ సారును బాగుచెయ్యమన్నరు. ఆయన రాత్రిపూట, ఊరు సద్దుమణిగినంక, పక్కన ఉన్న థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి హాల్ల పేర్చిండు. ఒక పైపు ఊది, స్టాప్‌వాచ్ పట్టుకొని సప్పుడు ఎంతసేపు మిగిలిందో కొలిచిండు. మెత్తలు పెరిగిన కొద్దీ మోత తగ్గింది. తెల్లారక ముందే అన్నీ వాపసు మోయించిండు. గదుల మోతను లెక్కగట్టే సూత్రం ఆడికెల్లే పుట్టింది.

బామ్మర్ది: మెత్తలా?

బావ: మెత్తలే. పాఠం వినపడకపోవుడు మా బడిల పుట్టిన రోగం కాదు.

బామ్మర్ది: (గోడ వైపు చూసి) జంపఖానాలు పనికొస్తయా?

బావ: ఎందుకు రావు? మందం గుడ్డ ఏదైనా మాటను మింగుతది. సున్నం గోడ, బండ నేల, రేకుల కప్పు ఉన్నచోట ఇంకా బాగ పనికొస్తది.

బామ్మర్ది: అయితే ఎనుక గోడకు రెండు, కిటికీల కాడ పరదాలు కడ్త. కిరాయి అడగ. కానీ అది ఇగ ముందు తీసే వీడియోకు. అయిపోయిన దానికి జంపఖానా ఎట్ల కడ్తవ్? నా మాటే నిలబడ్డది.

బావ: ఒక సంగతి చెప్పలే. ఇది కాలర్ మైక్ పెట్టుకొనే చెప్పిన. జానెడు దూరంలనే ఉంది. నీ పన్నెండు అడుగుల లెక్కంత గాలికి పోయింది.

బామ్మర్ది: కాలర్ మైకా? నేను నమ్మ. ఇది ఇను. (ముందుకు జరిపాడు.) ఏం సప్పుడు?

బావ: ఎవరో పెన్ను మూత తీసిండ్రు.

బామ్మర్ది: నీ మాట కన్న గట్టిగ ఉంది. నీ అంగీకున్న మైకుకు మూడో బెంచీల పెన్ను మూత అంత దగ్గరగ ఎట్ల వినపడ్తది? మైక్ నీ మీద ఉంది, రికార్డు చేసింది ఫోన్. మైక్ తెచ్చినవా? తియ్యి.

బావ సంచిలోంచి తీశాడు. బామ్మర్ది ప్లగ్గును వెలుతురులో తిప్పి చూపించాడు. దాని మీద నల్ల గీతలు రెండే ఉన్నాయి.

బామ్మర్ది: ఇది కెమెరాకు పెట్టే పిన్ను. ఫోనుకు మూడు గీతలది కావాలె. రెండు గీతలది గుచ్చితే ఫోను దాన్ని మైకని గుర్తువట్టదు. ఏం చెప్పకుండ తన సొంత మైకే వాడుకుంటది. నడుమ చిన్న కన్వర్టర్ పెడితే సరి. పెట్టినంక గూడ నమ్మొద్దు, గోరుతోని మైకు మూతి మీద గీకి రికార్డు చెయ్యి. గీరుడు గట్టిగ వినపడితేనే ఈ మైకు పనిచేస్తున్నట్టు.

బావ: నా తోటి సారుకు ఇంకో తీరు అయింది. ఆయన వీడియో ఇయర్‌ఫోన్ల మంచిగ వినపడ్తది. ఫోన్ స్పీకర్‌ల పెడితే మాట మాయం.

బామ్మర్ది: మైక్‌సెట్‌కెల్లి వైరు తెచ్చి కెమెరాకు గుచ్చి ఉంటరు. ఒక చెవిల సప్పుడు ఎట్లుంటదో ఇంకో చెవిల దానికి ఉల్టా పడ్తది. ఫోనుకు స్పీకర్ ఒక్కటే ఉంటే రెండిటిని కలుపుతది, ప్లస్సు మైనస్సు కలిసి సున్నా.

బావ: అది పెంచితే రాదన్నట్టు.

బామ్మర్ది: సున్నాను ఎంతతోని గుణించినా సున్నానే గదా సారూ. కానీ దానికి మల్ల చెప్పాల్సిన పనిలేదు. ఒక చెవిది తీసేసి మిగిలిందే రెండు పక్కల పెడితే వచ్చేస్తది.

బావ: చూసినవా, మల్ల చెప్పాల్సిన పనిలేదని నీ నోటితోనే అన్నవ్.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది, వాళ్లిద్దరూ దాన్ని తొందరగానే దాటేశారు గానీ నేను దాటలేను. పాఠం మెల్లగా ఉంటే పిల్లవాడు ఫోను సప్పుడు చివరిదాకా పెడతాడు. అంతలో ప్రకటన వస్తుంది, ఇయర్‌ఫోన్‌లో చెవి పగిలినంత పని అవుతుంది. ఒక్కొక్కరు సప్పుడును ఒక్కో ఎత్తులో పంపుతుంటే కొలత ఒకటి ఉండాలని 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఒక పద్ధతి పెట్టింది. పెద్ద దెబ్బను కాకుండా చెవికి తగిలే సగటును కొలుస్తుంది అది, దాని లెక్క లఫ్స్‌లో చెబుతారు. యూరప్ టీవీలు 2010లో మైనస్ 23 దగ్గర గీత గీసుకున్నాయి. యూట్యూబ్ గీత మైనస్ 14 చుట్టూ ఉంటుంది. గీత దాటి అరిచే వీడియోను యూట్యూబ్ తగ్గిస్తుంది, కింద పడి ఉన్నదాన్ని మామూలుగా పెంచదు. కంప్యూటర్‌లో వీడియో మీద కుడి క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే మన పాఠం ఆ గీతకు ఎంత కింద ఉందో అంకెతో సహా కనబడుతుంది. పిల్లల చెవుల కోసం అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది వారానికి 40 గంటలు, 75 డెసిబెళ్ల దాకా. వీడియో మెల్లగా తీసినవాడు ఆ లెక్కను పిల్లవాడి చేతికి వదిలేసినట్టే.

బామ్మర్ది: ఇగ ఇను. కింద మోత కోసిన. ఫ్యాను ఎనిమిది తగ్గించిన. కంప్రెసర్ పెట్టి గట్టి మాటలను జర అణిచి మెల్లగున్న మాటలను లేపిన. ఆఖరుకు లౌడ్‌నెస్ మైనస్ 16 కాడ పెట్టి, పైన మైనస్ ఒకటికి మూత పెట్టిన. బొమ్మను ముట్టుకోలే, సప్పుడు ఒక్కటే మార్చి అదే వీడియోకు తగిలిచ్చిన.

బావ: మంచిగుంది! ప్రతి మాట తెలుస్తుంది.

బామ్మర్ది: మంచిగ లేదు, పర్వాలేదు. నువ్వు ఆగినప్పుడల్ల ఫ్యాను లేస్తుంది చూడు. కొంత నా కంప్రెసర్, కొంత నీ ఫోను. నువ్వు ఊకుంటే ఫోను, మాట వినపడ్తలేదేమో అని తనంతట తనే సప్పుడు పెంచుకుంటది.

బావ: ఆ పిల్ల ప్రశ్న ఏదీ?

బామ్మర్ది: అది రాదు. ఎనుక బెంచీ, ఫ్యాను కింద. ఆడ గొంతుకు ఫ్యానుకు నడుమ ఏం లేదు. కోసేద్దాం.

బావ: కొయ్యకు. తెర మీద ఆ ప్రశ్న రాయి. పెద్ద అక్షరాలల్ల.

బామ్మర్ది: వినపడని మాట ఎందుకు? పది సెకన్లు ఎవ్వరూ ఆగరు, జరిపేస్తరు.

బావ: నేను బోర్డు వదిలిపెట్టి ఆ పిల్ల దిక్కు తిరిగిన. అది వీడియోల కనపడ్తది. ఎందుకు తిరిగిన్నో చూసేటోళ్లకు తెలువాలె.

బామ్మర్ది: పాత లింకు గూడ పోతది బావా. యూట్యూబ్‌ల ఎక్కించిన వీడియో మీద ఇంకో ఫైలు పెట్టనియ్యరు. కొత్తగ ఎక్కియ్యాలె, కొత్త లింకు వస్తది. ఎట్లన్న కొత్తదే అయినప్పుడు, జంపఖానాలు కట్టి, మూడు గీతల పిన్ను పెట్టి మల్ల చెప్పు. ఎట్ల లేదన్న ఇంతకు రెండింతలు మంచిగుంటది.

బావ: చెప్త. అది గూడ పెడ్త, ఇది గూడ పెడ్త.

బామ్మర్ది: రెండు పెడితే ఏది పనికొచ్చిందో ఎట్ల తెలుస్తది? ఎవరు ఎంతసేపు చూసిండ్రో యూట్యూబ్ గీత గీసి చూపెడ్తది, అది చూడు.

బావ: చూసుడు వేరు, వచ్చుడు వేరు. పది ప్రశ్నలిచ్చి పరీక్ష పెడ్త.

బామ్మర్ది: పెట్టు. కానీ ఒకే పిల్లలకు రెండూ చూపియ్యకు. మొదటిది చూసినోళ్లకు రెండోది ఎట్లన్న తేలికైతది, నువ్వు నీ పాతదే గెలిచిందంటవ్.

బావ: సగం మందికి ఇది, సగం మందికి అది. చీటీలు వేసి పంచుత. లెక్కల సారుకు అది గూడ నువ్వే చెప్తవా?

బామ్మర్ది: చీటీలు నా ముందర వెయ్యి.